లారీ మీద ఫిరంగి ఎందుకు తడబడుతుంది?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. వచ్చినవి కొద్దిపాటివే. కానీ ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది, మూడు రోజులకు ట్రింకోమలీ మీద జరిగింది. నడుమనున్న మద్రాసు ఇక తనవంతేనని వణికింది. అత్యవసరమైన పని లేనివాళ్లు ఊరు విడిచి వెళ్లడం మంచిదని గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం చెప్పింది. హైకోర్టు కోయంబత్తూరుకు తరలింది. బాంబు పడి బోనులు పగిలితే వీధుల్లోకి వస్తాయన్న భయంతో పీపుల్స్ పార్కు జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను మలబార్ స్పెషల్ పోలీసులతో కాల్పించారు. జపాను వాళ్ల కంటే ముందు మన తుపాకులకు గురైనవి ఆ మూగజీవాలు.

మద్రాసుకు ఫిరంగి దెబ్బ కొత్తేమీ కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ రేవుకు దగ్గరగా వచ్చి సుమారు 130 గుండ్లు పేల్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. కాని ఆ ట్యాంకులు కదలవు. ఎండెన్ గురికాళ్లు మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి రెండోదాన్ని సరిచేసుకోవచ్చు. విమానం అలా కూర్చోదు. పైగా తీరం పొడవునా ఏ రేవు మీదికి వస్తుందో ముందు తెలియదు. బ్రిటిష్ సైన్యం దగ్గరున్న 3.7 అంగుళాల విమాన విధ్వంసక ఫిరంగి బరువు 9 టన్నులు దాటుతుంది. దాన్ని ఒకచోట దింపి నిలబెట్టాక ఇంకోచోటికి తీసుకుపోవడం గంటల పని. సొంత నగరాలకే ఫిరంగులు చాలని బ్రిటన్, మద్రాసు నుంచి విశాఖ దాకా ప్రతి రేవుకూ వాటిని ఎక్కడినుంచి తెస్తుంది?

ఇలాంటి ఇరకాటంలో ప్రతి సైన్యానికీ తట్టే ఉపాయం ఒకటే, ఉన్న తుపాకిని లారీ ఎక్కించడం. 1940 ఏప్రిల్ 9న జర్మనీ దాడి చేసినప్పుడు నార్వే ఆకాశమంతా శత్రువిమానాలదే అయింది. అక్కడి సైనికులు మెషిన్ గన్లను లారీల మీద బిగించుకున్నారు. సోవియట్లు నాలుగు మాక్సిమ్ గన్లను ఒక్క దిమ్మకు కట్టి లారీలో పెట్టారు. బ్రిటిష్ వాళ్లు కొంచెం ఆలస్యంగానైనా 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగిని మోరిస్ లారీ మీదికెక్కించారు. బిగించడం వరకూ ఇది ఓ మోస్తరు షెడ్డులో అయిపోయే పనే. నాలుగు బోల్టులు, ఒక ఇనప పలక, వెల్డింగు ఉంటే చాలు. అసలు తంటా మొదటి గుండు పేలాక మొదలవుతుంది.

బోఫోర్స్ గుండు బరువు 0.9 కిలోలు. గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 850 మీటర్లు. రెండిటినీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 765. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో అంతే ఫిరంగిని వెనక్కి తంతుంది. దానికి మందు కాలిన వాయువుల తన్ను కూడా కలుస్తుంది. గొట్టం జానెడు దూరం వెనక్కి జారి, స్ప్రింగు తోసుకుని ముందుకొచ్చి, ఆ తన్నును కొంత సేపట్లోకి పరిచి మెత్తబరుస్తుంది. మెత్తబరచగలదే తప్ప మింగలేదు. చివరికదంతా కిందున్న లారీకే చేరుతుంది. మెషిన్ గన్‌కు ఈ బాధ లేదు. పది గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్లతో పోతే లెక్క 8 దగ్గరే ఆగిపోతుంది. యుద్ధంలో అప్పటికప్పుడు తయారైన లారీ తుపాకుల్లో మెషిన్ గన్లే ఎక్కువగా కనపడటానికి ఇదే కారణం. అయితే ఆ చిన్న తూటాకు కిలోమీటరు దాటితే పస ఉండదు.

లారీ తన కమాన్ కట్టల మీద నిలబడి ఉంటుంది. సరుకు కుదుపులకు చెడకుండా ఉండటానికే అవి ఉన్నాయి. ఫిరంగికి అదే శాపం. తన్ను తగలగానే లారీ ఒక పక్కకు ఒరిగి, తిరిగి లేస్తుంది. ఒక్క డిగ్రీ ఒరిగిందనుకోండి, రెండు కిలోమీటర్ల దూరంలో గురి 35 మీటర్లు తప్పుతుంది. ఆనాటి బాంబర్ విమానం పొడవు పది మీటర్ల పైచిలుకే. ఇంతకంటే చిక్కు మరొకటుంది. కమాన్ల మీది లారీని నొక్కి వదిలితే సెకనుకు రెండు మూడు సార్లు ఊగుతుంది. అది దాని సహజ పౌనఃపున్యం. బోఫోర్స్ నిమిషానికి 120 గుండ్లు, అంటే సెకనుకు రెండు గుండ్లు పేలుస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో తోస్తే ఊపు పెరుగుతూ పోతుంది కదా, ఇక్కడా జరిగేది అదే. అనునాదం అని పాఠ్యపుస్తకంలో చదివి వదిలేసిన మాట ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. మూడో గుండు, నాలుగో గుండు ఎటు పోతాయో గురికాడికే తెలియదు.

విరుగుడు మాత్రం చాలా మొరటుది. లారీకి నాలుగు వైపులా జాకీలు దించి, బరువును కమాన్ల మీంచి తప్పించి నేరుగా నేలమీద పెట్టడమే. అప్పుడు తన్ను భూమికి పోతుంది. కాకపోతే పరుగెడుతూ కాల్చే వీలుండదు, ఆగి, జాకీలు దించి, కాల్చి, ఎత్తుకుని పోవాలి. చెన్నై తీరంలాంటి ఇసుక నేలలో జాకీ కింద చెక్క దిమ్మెలు కూడా వేసుకోవాలి. ఇక ముందున్న క్యాబిన్ ఒక అడ్డు. దాని మీదుగా కిందికి దించి కాలిస్తే పేలుడు అదురుకు అద్దాలు నిలవవు. నిట్టనిలువుగా ఎత్తితే ఫిరంగి వెనుక భాగం లారీ అడుగుకు తగులుతుంది. తగలకూడదంటే దిమ్మను ఎత్తు చేయాలి. ఎత్తు చేస్తే ఒరుగుడు పెరుగుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడే ఈ గొడవే ఇంజనీరుకు అసలు పరీక్ష.

సరే, లారీ కదలకుండా నిలిచింది. గురి ఎక్కడ పెట్టాలి? ర్యూజో మోసుకొచ్చిన నకజిమా బాంబర్ గరిష్ఠ వేగం గంటకు 378 కిలోమీటర్లు, అంటే సెకనుకు 105 మీటర్లు. బోఫోర్స్ గుండు గాలి రాపిడికి వేగం తగ్గుతూ రెండు కిలోమీటర్లు చేరడానికి మూడు సెకన్ల పైనే పడుతుంది. ఈలోపు విమానం దాదాపు 350 మీటర్లు ముందుకు పోతుంది. కనపడే విమానం మీద గురిపెట్టినవాడు ఖాళీ ఆకాశాన్ని కాలుస్తాడు. పది డిగ్రీలు ముందున్న శూన్యం మీద గురిపెట్టాలి. ఈ లెక్క కట్టడానికి బ్రిటిష్ వాళ్లు కెరిసన్ ప్రిడిక్టర్ అనే యంత్రం వాడారు. పళ్లచక్రాలతో, మోటార్లతో నడిచే ఆనాటి కంప్యూటర్ అది. బరువు 225 కిలోల పైమాటే, జనరేటరు వేరు. లారీ తుపాకికి కావలసింది వేగం, ఈ యంత్రం నేలమీద కుదురుకోవడానికే బోలెడు సేపు తీసుకుంటుంది. అందుకే కదిలే దళాలు దాన్ని పక్కనపెట్టి కంటి అంచనాను నమ్ముకున్నాయి. 1943 అక్టోబరులో ఒక రాత్రి ఒంటరి జపాన్ విమానం మద్రాసు మీదికి వచ్చి కొన్ని బాంబులు వేసి వెళ్లింది. చీకట్లో ఆ పది డిగ్రీలను కంటితో అంచనా వేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

బండికీ ఫిరంగికీ పెళ్లి చేసే పని మద్రాసుకు తర్వాత మరో రూపంలో వచ్చింది. ఆవడిలోని హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీలో విజయంత ట్యాంకులు తయారయ్యేవి. అక్కడే ఉన్న యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ సీవీఆర్‌డీఈ ఇంజనీర్లు విజయంత అడుగుభాగాన్ని పొడిగించి, దానిమీద రష్యా 130 మిల్లీమీటర్ల ఫిరంగిని కూర్చోబెట్టారు. కాటపుల్ట్ అని పేరు. అది విమానాలను కొట్టేది కాదు, 27 కిలోమీటర్ల దూరంలోని నేల లక్ష్యాలను కొట్టేది. కాని సమస్య పాతదే, దాదాపు నలభై రెట్లు పెద్దదై వచ్చింది. 33.4 కిలోల గుండు సెకనుకు 930 మీటర్లతో బయలుదేరితే ద్రవ్యవేగం 31,000 దాటుతుంది. ఏ లారీ కమానూ దాన్ని ఓర్చుకోలేదు. నలభై టన్నుల ట్యాంకు అడుగు, నేలను కరుచుకునే ఇనప పట్టాలు కావలసివచ్చాయి. అవసరానికి పుట్టిన బండే అయినా భారత సైన్యంలో దశాబ్దాలు పనిచేసింది. నా దృష్టిలో ఆవడి నుంచి వచ్చిన తెలివైన పనుల్లో ఇదొకటి, దీనికి దక్కాల్సిన పేరు మాత్రం దక్కలేదు.

క్షిపణులు వచ్చాక లారీ మీది తుపాకి మ్యూజియం చేరుతుందనుకున్నారు. డ్రోన్ దాన్ని వెనక్కి పిలిచింది. ఉక్రెయిన్ మీద రష్యా ప్రయోగించే షాహెద్ డ్రోన్ వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు, సెకనుకు 50 మీటర్లే. 1942 నాటి బాంబర్‌లో సగం. అలాంటి చవక డ్రోన్ మీద కోట్ల ఖరీదు చేసే క్షిపణిని ఖర్చుపెట్టడం దండగ. అందుకే ఉక్రెయిన్ దళాలు పికప్ బండ్ల వెనుక మెషిన్ గన్లు బిగించి, వేడిని చూసే దూరదర్శినులు తగిలించి రాత్రుళ్లు కాపు కాస్తున్నాయి. మన దగ్గర 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ డ్రోన్ల మీదికి ఆధునికీకరించిన పాత ఎల్-70లనే సైన్యం వాడింది. అది బోఫోర్స్ వంశంలోదే. గుండు కిలో దగ్గర, వేగం సెకనుకు వెయ్యి మీటర్లు, నిమిషానికి 300 గుండ్ల దాకా పేలుస్తుంది. అంటే సెకనుకు అయిదు, కమాన్ కట్టల ఊపుకు చాలా పైన. అయినా దాన్ని లారీ లాక్కెళ్లి దింపాక, జాకీలు నేలకు ఆనించాకే కాలుస్తారు. అనునాదం తప్పినా ఒరిగే డిగ్రీ తప్పదు మరి.