కోడి ఎముకల్లో దాచుకున్న సున్నం

బాలలూ! పెంకు లేని మెత్తని కోడిగుడ్డును మీరెప్పుడైనా చూచారా? పెట్టకు దిష్టి తగిలిందనుకోకండి. చాలామట్టుకు దానికి సున్నం చాలలేదన్నమాట!

గుడ్డు పెంకులో నూటికి 94 పాళ్ళు సున్నపురాయిలో ఉండే పదార్థమే. ఒక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువభాగం రాత్రివేళే. అప్పుడు కోడి నిద్రపోతూ ఉంటుంది, మేత మేయదు. మరి సున్నం ఎక్కడిది? తన కాలి ఎముకల్లో దాచుకున్నది తీసి ఇస్తుంది! పగటి మేతతో ఆ అప్పు తీరాలి. తీరకపోతే, పాపం, ఎముకలు గుల్లబారిపోతాయి. చివరకు కోడి లేచి నిలబడలేదు. కాలు విరిగినా విరుగుతుంది.

అందుకే కోళ్ళు పెంచేవారు సాయంత్రం మేతలో ఆల్చిప్పల నలుసులు కలుపుతారు. మెత్తని పొడి త్వరగా కరిగిపోతుంది. నలుసులైతే కందనకాయలో నిలిచి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. విటమిన్ డి లేనిదే ఈ సున్నం ఒంటబట్టదు. ఎండలో తిరిగే కోడికి అది ఎండవల్లనే దొరుకుతుంది; షెడ్లలోని కోళ్ళకు మేతలో కలపాలి.

మీ ఇంట్లో పెట్టలుంటే, గుడ్డు పెంకులు వేయించి, నలగ్గొట్టి వేయండి. పెంకులు పెంకులుగానే వేస్తే గుడ్లు పొడుచుకు తినడం మరుగుతాయి! కోడిపిల్లలకు మాత్రం వేయవద్దు. గుడ్డు పెట్టే ఈడు రాకముందు సున్నం ఎక్కువైతే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి.