హెడ్‌లైట్ల మిరుమిట్లు

హెడ్‌లైట్ల మిరుమిట్లు అనగా రాత్రివేళ మరొక వాహనపు దీపకాంతి నేరుగా కంటిలో పడి, చోదకునికి కొన్ని క్షణాలపాటు దారి కనిపించకపోవుట. లారీలు, బస్సులు, ఎత్తైన కార్ల వలన చిన్న వాహనాల వారికి ఈ ఇబ్బంది ఎక్కువ. గంటకు 60 కి.మీ. వేగంతో పోయేవారు కన్ను తేరుకొనే మూడు సెకన్లలో 50 మీటర్లు గుడ్డిగా దాటినట్లే.

ఉత్తరాంధ్ర రహదారులు

ఇచ్ఛాపురం నుండి శ్రీకాకుళం, భోగాపురం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారికి (పూర్వపు 5వ నంబరు) మధ్యలో డివైడరు ఉన్నది. ఇటువంటి డివైడర్లపై గన్నేరు, కాగితపు పూల మొక్కలు పెంచడం అందానికి మాత్రమే కాదు, అవి ఎదుటి దీపాలకు తెర. విజయనగరం నుండి గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిషాకు పోయే 26వ నంబరు (పూర్వపు 43) రహదారిలో డివైడరు లేని రెండు వరుసల భాగాలలో ఆ రక్షణ ఉండదు. లారీలకు పేరుపొందిన సాలూరు (2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా) దాటాక ఘాట్‌రోడ్డు మలుపులలో ఎంత సరిగా అమర్చిన దీపమైనా ఒక్కోసారి ఎదుటివారి కంటిలో పడక తప్పదు.

ఎత్తు, బరువు

డిమ్ చేసిన దీపకాంతికి పైన ఒక హద్దు ఉంటుంది. దీపాన్ని 1 శాతం కిందికి వంచితే ఆ హద్దు ప్రతి 10 మీటర్లకు 10 సెం.మీ. దిగుతుంది. 70 సెం.మీ. ఎత్తున్న కారు దీపానికి ఇది చాలు. 110 సెం.మీ. ఎత్తున్న లారీ దీపం మాత్రం 10 మీటర్ల ముందున్న కారు పక్క అద్దాలలో పడుతుంది. అందుచేత ఎత్తైన దీపాన్ని ఎక్కువగా వంచవలెను.

చాలామంది పట్టించుకోని కారణం బరువు. ముందు, వెనుక చక్రాల మధ్య 5 మీటర్ల దూరం గల లారీ వెనుకభాగం ముందుకంటే 5 సెం.మీ. అదనంగా కుంగితే 1 శాతం వంపు పూర్తిగా పోతుంది. ఉద్దానం కొబ్బరికాయలు నింపుకొన్న చిన్న ట్రాలీ ఆటోకు 2 సెం.మీ. కుంగినా చాలు. అప్పుడు డిమ్ చేసినా చేయనట్లే.

నియమం, నివారణ

కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 106వ నియమం ప్రకారం దీపానికి 8 మీటర్ల ముందు, వాహనపు కుడి అంచుకు అర మీటరు పక్కగా, 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగరాదు. చిన్న కారు చోదకుని కన్ను అంతకంటే కిందనే ఉంటుంది కనుక ఈ కొలత వారికి పూర్తి రక్షణ కాదు.

దీపాల వంపును ఖాళీ బండితో కాక, సాధారణంగా మోసే బరువుతో, చదునైన నేలపై గోడకెదురుగా నిలిపి సరిచూడవలెను. చాలా కార్లలో ఇందుకు మీట ఉంటుంది. హాలోజన్ దీపపు గూటిలో ఎల్‌ఈడీ బల్బు పెడితే కాంతి హద్దు చెదిరిపోవచ్చును. దీపం పై సగానికి నల్లరంగు పూసే పాత అలవాటు కూడా మంచిది కాదు: రెండు తంతువుల హాలోజన్ దీపంలో డిమ్ కాంతిని దారిపైకి పంపేది ఆ పై సగమే.

లారీల వెనుక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసి ఉండేది వెనుక వచ్చేవారి కోసం. కాంతి పడినవారు వేగం తగ్గించి, ఎదుటి దీపాలను కాక రోడ్డు ఎడమ అంచు తెల్లగీతను చూస్తూ పోవలెను.