చేపపిల్లకే నీళ్లంటే భయం!

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. 1985లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టిన ఈ చేపపిల్లకు మాత్రం నేర్పాల్సే వచ్చింది. ఏడేళ్లప్పుడు కొలనులో దించితే, ముఖం నీళ్లలో పెట్టనని మొరాయించాడట మైఖేల్ ఫెల్ప్స్. దాంతో ముందు వెల్లకిలా ఈదడం నేర్పారు. ఆ తర్వాతివన్నీ రికార్డులే!

● సిడ్నీ ఒలింపిక్స్ (2000) నాటికి వయసు 15. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మరుసటి మార్చిలో అదే ఈతలో ప్రపంచ రికార్డు కొట్టాడు. అంత చిన్న వయసులో ఆ ఘనత సాధించిన మగ ఈతగాడు అప్పటికి లేడు.

● మొత్తం ఒలింపిక్ పతకాలు 28. అందులో స్వర్ణాలే 23. 2024 పారిస్ క్రీడల దాకా అన్ని ఆటల్లోనూ కలిపి మన దేశానికి వచ్చిన స్వర్ణాలు 10!

● 2008 బీజింగ్‌లో ఎనిమిది పోటీలకు దిగి ఎనిమిదీ గెలిచాడు. 1972 మ్యూనిక్‌లో మార్క్ స్పిట్జ్ సాధించిన 7 స్వర్ణాల రికార్డు అలా చెదిరింది.

● అక్కడే 200 మీటర్ల బటర్‌ఫ్లైలో గాగుల్స్ నిండా నీళ్లు చేరాయి. గోడ కనిపించడం లేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈదేశాడు. 1:52.03తో ప్రపంచ రికార్డు!

● బీజింగ్‌లోనే 100 మీటర్ల బటర్‌ఫ్లైలో చివరిదాకా సెర్బియాకు చెందిన మిలొరాద్ చావిచ్‌దే ముందంజ. అతను చేతులు చాచి గోడవైపు జారుతుంటే, ఫెల్ప్స్ ఇంకో అర బార వేసి గోడను కొట్టాడు. ఫెల్ప్స్ 50.58, చావిచ్ 50.59. కనురెప్ప వాల్చడానికైనా ఇంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

● క్రీ.పూ. 152 నాటికి గ్రీకు పరుగువీరుడు లియోనిడాస్‌వి 12 వ్యక్తిగత ఒలింపిక్ విజయాలు. రెండువేల ఏళ్లు దాటాక, 2016 రియోలో పదమూడోదానితో ఫెల్ప్స్ ఆయన్ని దాటాడు.

● 2008లో సింగపూర్‌లో ఫెల్ప్స్ పక్కన నిలబడి ఫొటో దిగిన స్కూలు పిల్లాడు జోసెఫ్ స్కూలింగ్. రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై స్వర్ణం అతనిదే. ఫెల్ప్స్‌కు రజతం, అదీ మరో ఇద్దరితో కలిసి! ముగ్గురి సమయమూ 51.14 సెకన్లే.

● ఫెల్ప్స్ పేరిట మిగిలిన చివరి వ్యక్తిగత ప్రపంచ రికార్డు 400 మీటర్ల మెడ్లే, 4:03.84. పదిహేనేళ్లు నిలిచాక 2023లో ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మర్షాన్ 4:02.50తో బద్దలుకొట్టాడు. అతనికి శిక్షణ ఇచ్చింది ఎవరనుకున్నారు? ఫెల్ప్స్‌ను తీర్చిదిద్దిన బాబ్ బౌమనే! రికార్డు చేతులు మారింది గానీ, గురువుగారి ఇల్లు దాటలేదు.