చుక్కల చిత్రమునకు నిలుకడగల స్టాండు

ఒక అమావాస్యనాటి రాత్రి, ఊరి దీపములకు దూరముగ ఒక పొలముగట్టున కెమెరాను నిలిపి, మేము నలువది చిత్రములు తీసితిమి. కెమెరా వెనుకనుండు చిన్న తెరపై అన్నియు చక్కగనే కనబడినవి. ఇంటికి వచ్చి పెద్దవి చేసి చూడగా ప్రతి చుక్కయు వానపామువలె వంకరలు తిరిగియున్నది. లోపము కెమెరాది కాదు. చౌకయనియు, తేలికయనియు మేము కొన్న ముక్కాలి స్టాండుది. గాలికి అది వణకుచున్నట్లు చీకటిలో మాకు తెలియలేదు. మరల అంత నిర్మలమైన అమావాస్య దొరకుటకు మూడు నెలలు పట్టినది.

పగటి చిత్రమునకు సెకనులో నూరవవంతు చాలును. చుక్కల చిత్రమునకు కెమెరా కన్ను 15, 20 సెకనులు తెరచియుండవలెను. అంతకు మించి తెరచినచో, భూభ్రమణముచేత చుక్కలు గీతలగును. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగును. అనగా 2 నిమిషములలో నక్షత్రము ఇంచుమించు చంద్రబింబపు వెడల్పంత జరుగును. కావున 500ను లెన్సు నాభ్యంతరముచే భాగింపగా వచ్చిన సెకనులే హద్దని ఒక మోటు లెక్క కలదు. 35 మి.మీ. ఫిల్మంత సెన్సారు గల కెమెరాలో 24 మి.మీ. లెన్సుకు అది సుమారు 20 సెకనులు. సెన్సారు చిన్నదైనచో వ్యవధి ఇంకను తగ్గును. భూమి తిరుగుటను మన మాపజాలము. స్టాండు వణకుటను ఆపగలము.

తక్కువ వెలలో కొనువారు మొదట చూడవలసినది కాళ్ళ లావు. రేకు మందము సమానమైనచో, గొట్టము వంగక నిలుచు శక్తి దాని వ్యాసముయొక్క ఘనము ననుసరించి పెరుగును. 22 మి.మీ. గొట్టముకంటె 28 మి.మీ. గొట్టము రెండింతలు గట్టిది. కాలు ఎన్ని ముక్కలుగ సాగునో, అడుగుముక్క అంత సన్నమగును; కావున నాలుగైదు ముక్కల దానికంటె మూడు ముక్కలది మేలు. కార్బను ఫైబరు తేలికయే కాని వెల ఎక్కువ. కొండలెక్కువారికి తప్ప, మిగిలినవారికి అల్యూమినియము చాలును. ఇచట బరువు దోషము కాదు, గుణము. పెట్టెపై వ్రాసిన 'ఇన్ని కిలోలు మోయును' అను అంకెను మాత్రము నమ్మి కొనరాదు. తయారుచేయువా రందరును దానిని ఒకే పద్ధతిని కొలుచుట లేదు.

అంగడిలోనే కాళ్ళను పూర్తిగ సాగదీసి, తలభాగమును పట్టి మెల్లగ మెలిపెట్టి చూడవలెను. మర బిగించిన పిమ్మటను కెమెరా ముక్కు వాలినచో ఆ తల పనికిరాదు.

కొన్నపిదప వాడుకయు ముఖ్యమే. నడిమి కడ్డీని పైకెత్తుట నేలవిడిచి సాముచేయుట వంటిది. మూడుకాళ్ళ బలము పోయి ఒంటికాలి నిలుకడ మిగులును. ఎత్తు చాలకున్నను మనమే వంగి చూచుట మంచిది. గాలి వీచునపుడు సన్నని అడుగుముక్కలను లోనికి త్రోసివేయవలెను. సంచిని నడుమ వ్రేలాడగట్టినచో, అది ఊగకుండ నేలకు తగులునట్లు చూడవలెను. మీట నొక్కిన అదురు తగ్గుటకు కెమెరాలోని 2 సెకనుల ఆలస్యమును వాడవలెను. సముద్రతీరమునుండి వచ్చినపిదప కాళ్ళ ఇసుకను, ఉప్పును మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను.

అమావాస్యకు ముందే ఒక రాత్రి మేడపైన 20 సెకనుల చిత్రమొకటి తీసి, పెద్దది చేసి చూచుకొనుడు. చుక్క చుక్కగనే యున్నచో నిశ్చింతగ ప్రయాణము కావచ్చును.