పాఠం 22: వివక్షపై పోరాటంలో సరిహద్దులు దాటిన సహకారం

22.1 పరిచయం

మన రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని మీరు ఇదివరకే చదువుకొన్నారు. అయినా పల్లెటూరి టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. మీలో కొందరు చూసి కూడా ఉండవచ్చు. ఇలాంటి అన్యాయం జరిగితే బాధితుడు ఊరి పెద్దలకు చెప్పుకొంటాడు, పోలీసు స్టేషనుకు వెళతాడు, కోర్టుకు వెళతాడు. ఇవన్నీ దేశం లోపలి మార్గాలే. ఈ తలుపులన్నీ తట్టినా ఫలితం లేకపోతే ఏం చేయాలి? వేరే దేశంలో ఇలాంటి బాధే పడుతున్నవారితో చేయి కలిపితే ప్రయోజనం ఉంటుందా? ఈ పాఠంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• వివిధ దేశాల బాధిత వర్గాలు ఎందుకు కలిశాయో వివరించగలుగుతారు;
• అంతర్జాతీయ ఒడంబడికను అవి ఎలా ఉపయోగించుకొన్నాయో చెప్పగలుగుతారు;
• ఇలాంటి సహకారానికి ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

22.2 1946: రెండు సంఘటనలు

దక్షిణాఫ్రికాలో స్థిరపడిన భారతీయుల భూమి హక్కులను అక్కడి ప్రభుత్వం 1946లో ఒక చట్టంతో కుదించివేసింది. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల సంతతివారు కూడా ఆ భారతీయుల్లో ఉన్నారు. భారత ప్రభుత్వం ఈ విషయాన్ని ఐక్యరాజ్యసమితి ముందుంచింది. మన ప్రతినిధి వర్గానికి విజయలక్ష్మీ పండిట్ నాయకత్వం వహించారు. ఇది మా ఆంతరంగిక విషయం అని దక్షిణాఫ్రికా వాదించింది. సాధారణ సభ ఆ వాదాన్ని అంగీకరించలేదు. డిసెంబరు 8న భారతదేశానికి అనుకూలంగా తీర్మానం చేసింది.

అదే సంవత్సరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఒక లేఖ రాశారు. నల్లజాతివారు తమ సమస్యపై ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులను పంపమని అందులో అడిగారు. భారతదేశంలోని అంటరానివారి స్థితికీ, అమెరికాలోని నల్లవారి స్థితికీ పోలిక ఉన్నదని ఆయన భావించారు. డుబాయిస్ సానుభూతితో జవాబు రాశారు.

ఈ రెండు సంఘటనల్లోని తేడాను గమనించండి. మొదటి దానిలో ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వంపై ఫిర్యాదు చేసింది. రెండవ దానిలో బాధితుల తరఫున పోరాడే ఇద్దరు తమ అనుభవాలను పంచుకోవడానికి సిద్ధపడ్డారు.

22.3 జపాన్ అనుభవం

జాతి, రంగు, భాష ఒకటే అయినవారి మధ్య వివక్ష ఉంటుందా? ఉంటుంది. జపాన్‌లో తోలుపని, పశువధ వంటి వృత్తులు చేసినవారిని పూర్వం అంటరానివారుగా చూసేవారు. 1871లో ఒక శాసనం ఈ హోదాను రద్దు చేసింది. అయినా వివక్ష పోలేదు. ఈ వర్గంవారిని బురాకు ప్రజలు అంటారు. వారు నివసించే ప్రాంతాల పేర్ల జాబితాలను రహస్యంగా అచ్చువేసి కంపెనీలకు అమ్ముతున్నారని 1975లో బయటపడింది. ఉద్యోగం కోసం వచ్చినవారి ఊరిపేరును బట్టి వారిని తిరస్కరించడానికి ఈ జాబితాలు పనికివచ్చేవి.

ఇల్లు అద్దెకు అడిగినప్పుడు "మీది ఏ ఊరు? మీ ఇంటిపేరేమిటి?" అనే ప్రశ్న మీరు ఎదుర్కొన్నారా? అయితే బురాకు యువకుడి బాధ మీకు సులభంగా అర్థమవుతుంది. బురాకు విమోచన సంఘం చొరవతో 1988లో టోక్యోలో ఒక అంతర్జాతీయ వివక్ష వ్యతిరేక సంస్థ ఏర్పడింది. భారతదేశంలో 1998లో దళిత మానవ హక్కుల జాతీయ ప్రచారోద్యమం ప్రారంభమైంది. నేపాల్‌లో దళిత మహిళలు 1994లోనే తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. 2000లో అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఏర్పడింది.

22.4 ఒక మాట కలిపిన వారు

జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1965లో ఆమోదించింది. జాతి, రంగు, వంశం, జాతీయ లేదా తెగ మూలం ఆధారంగా చూపే వివక్షను ఇది నిషేధిస్తుంది. ఇందులో "వంశం" అనే మాటను ప్రతిపాదించింది భారతదేశమే. ఈ మాట పరిధిలోకి కులం రాదని భారత ప్రభుత్వం తరవాతి కాలంలో వాదించింది. వస్తుందని ఒడంబడిక అమలును పరిశీలించే సంఘం 1996లో పేర్కొన్నది.

2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. దళిత సంఘాలు పెద్దసంఖ్యలో వెళ్ళాయి. కులం జాతి కాదనీ, దానిని సరిదిద్దడానికి మన రాజ్యాంగం, చట్టాలు ఉన్నాయనీ భారత ప్రభుత్వం చెప్పింది. సదస్సు తుది పత్రంలో కులం ప్రస్తావన రాలేదు. అయినా ప్రయత్నం వృథా కాలేదు. 2002లో పరిశీలక సంఘం 29వ సాధారణ సిఫారసును వెలువరించింది. కులం, దానివంటి వారసత్వ హోదాల వల్ల కలిగే వివక్ష కూడా ఒడంబడిక కిందికి వస్తుందని అందులో స్పష్టం చేసింది.

22.5 సహకారం పరిమితులు

సిఫారసు కోర్టు తీర్పు వంటిది కాదు. దానిని చూపి పోలీసులు ఎవరినీ అరెస్టు చేయలేరు. న్యాయం జరగాలంటే స్వదేశంలో చట్టం ఉండాలి, అది అమలు కావాలి. మనకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. నేపాల్ 2011లో కుల వివక్షను శిక్షార్హమైన నేరంగా ప్రకటిస్తూ ప్రత్యేక చట్టం చేసింది.

కొన్ని దేశాల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. తెలుగువారు చాలామంది నివసించే సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఇలా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇటువంటి బిల్లును ఆ రాష్ట్ర గవర్నరు అదే ఏడాది తిరస్కరించారు. ఇటువంటి చట్టాలు ఒక మతంవారిని అనుమానించేలా చేస్తాయని వ్యతిరేకించినవారు కూడా ఉన్నారు.

మరొక ఇబ్బంది కూడా ఉన్నది. జెనీవా సమావేశంలో మాట్లాడాలంటే ఇంగ్లీషు రావాలి, ప్రయాణానికి డబ్బు కావాలి. రెండో గ్లాసు పట్టుకొన్న మనిషికి ఈ రెండూ ఉండవు. అతని మాటను అక్కడికి నిజాయితీగా చేరవేయడం, అక్కడ జరిగినది తిరిగి అతనికి చెప్పడం సంఘాల బాధ్యత.

22.6 సారాంశం

ఒకచోట ఆచారం పేరుతో, మరొకచోట ఊరి పేరుతో మనిషిని పుట్టుకను బట్టి తక్కువ చేస్తారు. బాధితులు కలిసినప్పుడు తమది ఒంటరి సమస్య కాదని తెలుసుకొంటారు, ఒకరి అనుభవం నుంచి మరొకరు నేర్చుకొంటారు. బయటి మద్దతు మన పోరాటానికి బలం ఇస్తుంది. అయితే టీ దుకాణంలో గ్లాసు మారవలసింది మాత్రం మన ఊళ్ళోనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1946లో దక్షిణాఫ్రికా ఏ వాదన చేసింది? 2001లో భారత ప్రభుత్వం చేసిన వాదనతో దానిని పోల్చండి. పోలికలను, తేడాలను రాయండి.
2. 2002 నాటి సిఫారసు ఎందుకు ముఖ్యమైనది?
3. మీ ప్రాంతంలో పుట్టుకను బట్టి చూపే వివక్ష ఒకదానిని గుర్తించి, దానిపై ఫిర్యాదు చేయడానికి ఉన్న మార్గాలను ఐదు వాక్యాల్లో రాయండి.