తొలి సీనులో తగలబడేదెవరు?

2023లో వచ్చిన ‘విరూపాక్ష’ సినిమా కథ 1979లో, రుద్రవనం అనే ఊళ్ళో మొదలవుతుంది. పిల్లలు చచ్చిపోతుంటారు. ఓ జంట చేతబడి చేస్తున్నారని జనం వాళ్ళను చెట్టుకు కట్టి తగలబెడతారు. పుష్కరకాలానికి ఈ ఊరు వల్లకాడవుతుందని ఆ తల్లి శపిస్తుంది. 1991లో చావులు మొదలవుతాయి.

పట్నం ప్రేక్షకుడికి ఇది ఒళ్ళు జలదరించే సీను. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్నోళ్ళకు ఇది తెలిసిన సంగతే. వానాకాలం వాగు పొంగుతుంది, మలేరియా జెరం పట్టుకుంటుంది, మంచాన పడ్డోళ్ళను డోలీ కట్టి మోయాలి. మనిషి పోయాక ‘దవాఖాన ఎందుకంత దూరం?’ అని కాదు, ‘ఎవడు చేసిండు?’ అని అడుగుతారు. వేలు ఎవరి మీదికి పోతుంది? ఒంటరి ముసలామె మీదికి, ఆకుపసరు ఇచ్చే మనిషి మీదికి, భూమి తగాదా ఉన్నోడి మీదికి. మంత్రాల నెపంతో ఏజెన్సీలో హత్యలు జరిగాయి. మైదానంలోనూ జరిగాయి. 2022 జనవరిలో జగిత్యాలలో ఇదే అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు.

అంటే సినిమా భయాన్ని గాలిలోంచి పుట్టించలేదు. ఊరి పొలిమేరలు మూసేసే ‘అష్టదిగ్బంధనం’లో 2020 లాక్‌డౌన్ భయం కూడా కనిపిస్తుంది. అయితే మేము తప్పుపట్టేది మరొకటి. తగలబెట్టడం ఘోరమని చూపిన సినిమాయే చివరికి చేతబడి నిజమేనని తేలుస్తుంది. అనుమానించినోడికి సాక్ష్యం దొరుకుతుంది. అనుమానానికి గురైనోడికి ఏం దొరికింది?

ఇక దేవుళ్ళ సంగతి. 1995లో వచ్చిన ‘అమ్మోరు’ తొలిభాగంలో జబ్బుతో అల్లాడే ఊరిని అమ్మోరే కాపాడుతుంది. పసుపు, కుంకుమ, వేపాకు అక్కడ రక్షణ గుర్తులు. ముత్యాలమ్మ, పోచమ్మ కొలుపుల్లో ఇవన్నీ ఉంటాయి. తెలంగాణ పల్లెల్లో ఆ కొలుపులు చేసేది చాలాచోట్ల బైండ్లవాళ్ళు, దళితులే. వాళ్ళ చేతిలో జమిడిక మోగుతుంది. హారర్ సినిమా తెర లేవగానే చూపించే ముగ్గు, నిమ్మకాయ, కోడి నెత్తురు కూడా ఆ కొలుపులవే. అయితే అక్కడ వాటి పేరు క్షుద్రం. కాపాడటానికి మాత్రం గుడిగంట, గ్రంథం, మంత్రం వస్తాయి. భద్రాద్రి రాముడి గుళ్ళో కుంకుమ ప్రసాదం, వాడలో ముత్యాలమ్మ కుంకుమ క్షుద్రం. ఈ తేడా కుంకుమలో లేదు, కులంలో ఉంది.

సినిమా చూడొద్దని మేము అనం. చూసొచ్చాక వాడలో కూర్చుని రెండు ప్రశ్నలు అడుగుదాం. తొలి సీనులో పిల్లలు ఏ జబ్బుతో పోయారు? చేతబడి అని ముందు అన్నదెవరు? చేతబడి పేరుతో జరిగే అఘాయిత్యాలను అరికట్టడానికి మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. చట్టం కావాల్సిందే. అంతకన్నా ముందు, జెరం వచ్చిన రోజే నెత్తురు పరీక్ష చేసే మనిషి గూడేనికి రావాలి. ఆ మనిషి వస్తే చెట్టుకు కట్టే తాడు పని తగ్గుతుంది.