నిర్దోషికి మరణశిక్ష ఎలా పడుతుంది? హింటన్ కేసు చెబుతున్నదేమిటి?

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, చేయని నేరానికి దాదాపు 30 ఏళ్లు జైల్లో గడిపిన నల్లజాతీయుడు ఆంథనీ రే హింటన్ 2015 ఏప్రిల్ 3న విడుదలయ్యారు. ఆయనకు మరణశిక్ష పడటానికి ఏ ఒక్కరి పొరపాటో కారణం కాదు. దర్యాప్తు, విచారణ, అప్పీలు అనే మూడు దశల్లోనూ నిర్దోషికి దక్కవలసిన రక్షణ ఆయనకు దక్కలేదు.

దర్యాప్తు దశ

1985లో బర్మింగ్‌హామ్‌లో రెండు వేర్వేరు దోపిడీల్లో ఇద్దరు రెస్టారెంట్ మేనేజర్లు హత్యకు గురయ్యారు. ప్రత్యక్ష సాక్షులు లేరు. పనికివచ్చే వేలిముద్రలూ లభించలేదు. అనంతరం మరో రెస్టారెంట్‌లో జరిగిన దాడి నుంచి ప్రాణాలతో బయటపడిన మేనేజర్, ఫొటోలు చూసి హింటన్‌ను గుర్తించారు. ఆ దాడి వేళ తాను సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, తాళం వేసిన గోదాములో రాత్రి విధుల్లో ఉన్నానని హింటన్ చెప్పినా ఫలితం లేకపోయింది. ఆయన తల్లి ఇంట్లో దొరికిన రివాల్వర్ నుంచే మూడు ఘటనల్లోని తూటాలూ వెలువడ్డాయని ప్రభుత్వ నిపుణులు చెప్పారు. కేసు ప్రధానంగా ఆ వాంగ్మూలంపైనే నిలిచింది.

నేరం చేసినా చేయకపోయినా శిక్ష తప్పదని, సాక్షి, ప్రాసిక్యూటర్, న్యాయమూర్తి, జ్యూరీ శ్వేతజాతీయులే ఉంటారని అరెస్టు సమయంలో పోలీసు అధికారి తనతో అన్నట్లు హింటన్ తరువాత వెల్లడించారు.

విచారణ దశ

హింటన్ పేదవాడు కావడంతో కోర్టే న్యాయవాదిని నియమించింది. తూటాలను పరీక్షించే నిపుణుడికి 1,000 డాలర్లకు మించి ఇవ్వరని ఆ న్యాయవాది భావించారు. నిజానికి ఆ పరిమితిని అంతకు ఏడాది ముందే చట్టం నుంచి తొలగించారు. ఆ మొత్తానికి దొరికినది ఒక కంటి చూపు మాత్రమే ఉన్న ఇంజినీరు. మైక్రోస్కోప్ వాడటంలో ఇబ్బంది పడ్డానని ఆయనే కోర్టులో అంగీకరించారు. 1986లో హింటన్‌కు మరణశిక్ష పడింది.

అప్పీలు దశ

ఆ తూటాలు ఆ రివాల్వర్‌వేనని చెప్పలేమని 2002లో ముగ్గురు అనుభవజ్ఞులైన నిపుణులు సాక్ష్యమిచ్చారు. అయినా విముక్తికి మరో 13 ఏళ్లు పట్టింది. న్యాయవాది అందించిన సహాయం రాజ్యాంగ ప్రమాణాలకు తగినట్లు లేదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ప్రభుత్వ నిపుణులు కూడా తూటాలకూ రివాల్వర్‌కూ పొంతన కుదర్చలేకపోవడంతో అభియోగాలను ఉపసంహరించుకున్నారు.

ఇది అరుదైన ఉదంతం కాదు. అమెరికా జనాభాలో నల్లజాతీయులు 13.6 శాతం కాగా, శిక్ష పడిన తరువాత నిర్దోషులుగా తేలిన సుమారు 3,200 మందిలో వారు 53 శాతమని నేషనల్ రిజిస్ట్రీ ఆఫ్ ఎగ్జోనరేషన్స్ 2022 నివేదిక పేర్కొంది.

భారత్‌లో

భారత్‌లో జాతి స్థానంలో కులం, తెగ, పేదరికం ఇలాంటి ముప్పును తెస్తున్నాయి. మహారాష్ట్రకు చెందిన ఆరుగురు సంచార తెగల వ్యక్తులకు 2009లో మరణశిక్ష ఖరారు చేసిన సుప్రీంకోర్టే, 2019 మార్చి 5న వారిని నిర్దోషులుగా ప్రకటించింది. ప్రత్యక్ష సాక్షి తొలుత పోలీసు ఫొటోల్లో గుర్తించినది వేరే నలుగురినని ధర్మాసనం గమనించింది. ఒక్కొక్కరికి రూ. 5 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

అక్రమ ప్రాసిక్యూషన్ బాధితులకు చట్టబద్ధమైన పరిహార విధానం అవసరమని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. అయితే పరిహారం గడిచిన ఏళ్లను తిరిగి ఇవ్వదు. అరెస్టు నాటి నుంచే సమర్థ న్యాయసహాయం, నిందితుడికీ అందుబాటులో ఉండే స్వతంత్ర ఫోరెన్సిక్ పరీక్ష ఉన్నప్పుడే ఇలాంటి తప్పును తొలి దశలో ఆపడం సాధ్యమవుతుంది.